గంజులో పడ్డ రూపాయి

పోయిన వారం దేవవ్వను, సత్యవ్వను జగిత్యాల పొలిమేరలో ఆటోలో వదిలాం. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు. ఆటో దేవవ్వ కొడుకు ప్రభుదాస్‌ది. సత్యవ్వకు అరవై నిండాయి. మహిళా సంఘంలో రోజుకో రూపాయి దాచుకుంటే సర్కారు ఇంకో రూపాయి కలుపుతుందని, అరవై దాటాక నెలనెలా పింఛను వస్తుందని నమ్మి కట్టిన మనిషి ఆమె. ఆ పింఛను అడగడానికే ఈ ప్రయాణం. అయితే ఆమె చివరి ఏడాది రూపాయలు సర్కారుకు చేరలేదు. ఆ సంగతి సంఘం లీడరు దేవవ్వకు తెలుసు. సత్యవ్వకు తెలియదు. కోరుట్ల దాటినప్పటి నుంచి ఆ మాట దేవవ్వ నోటిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది.

ఆటో పింఛను ఆఫీసు ముందర ఆగింది. నంబరు పలక మీద ఏపీ చెరిపేసి టీజీ అని రాసి ఉంది. ఆటోలో కొత్తగా ఉన్నది ఆ రెండు అక్షరాలే.

సత్యవ్వ దిగి నడుం పట్టుకుని నిలబడింది. ఆఫీసు తలుపు వైపు చూసింది.

"తాళమేసి ఉన్నదేందే దేవవ్వా?"

"సమ్మె గదక్కా. నాలుగొద్దులు ఆగుదమంటె నువ్వు ఆగలె."

"నేనైతె ఆగుదును. మా అల్లుడు ఆగుతలేడు గద."

అల్లుడు నరేశ్ సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు. అత్త ఒక్కతే ఊళ్ళో ఉంటే బాగుండదని, వచ్చే సోమవారం వచ్చి తీసుకుపోతానని కబురు పెట్టాడు. ఉన్నది ఒక్క అర్ర, ఒకే గది. అందులో మొగుడు, పెళ్ళాం, ఎండాకాలం ముందర పుట్టిన పసిగుడ్డు. అవతల గోడ పక్కన మగ్గాల చప్పుడు పగలూ రాత్రీ ఆగదు. కాన్పుకు పోయినప్పుడు సత్యవ్వ ఆ అర్రలో వాకిలి దగ్గర పడుకుంది. అల్లుడు రాత్రి షిఫ్టు దిగి వచ్చినప్పుడల్లా కాళ్ళు ముడుచుకుంది. ఏమీ అనని అల్లుడి ముందు కాళ్ళు ముడుచుకోవడం ఎక్కువ కష్టం.

"బిడ్డింటికి సుట్టం లెక్క పోవాలెగని సామాను లెక్క పోవద్దే," అంది సత్యవ్వ. "గీ పింఛను అస్తదని ఒక్క కాయితం ముక్క చేతుల పడితె, నరేశుకు చెప్త. నాకేం తక్కువ లేదు, నువ్వు రాకు నాయినా, పండుగకు నేనే అస్త అని."

దేవవ్వ ఆటో లోపల లేని వస్తువేదో వెతికింది.

ఇదే సమయం అనుకుంది. ఇక్కడే, దిగినచోటే చెప్పెయ్యాలి అనుకుంది. అప్పటికే సత్యవ్వ రోడ్డు దాటి ఎదురుగా ఉన్న టెంటు వైపు నడుస్తోంది.

టెంటులో ఉద్యోగులు జంపఖానాల మీద కూర్చున్నారు. ముందు వరుసల్లో ఆడవాళ్ళు, వెనక మగవాళ్ళు. ఒక మూల నిలబెట్టిన ఫ్యాను గరగరమంటూ తిరుగుతోంది. మైకు దగ్గర గంగాప్రసాద్ సారు ఉన్నాడు. ఆ టెంటుకు ఆయనే పెద్ద. గొంతు ఎప్పుడో పోయింది, అయినా మాట్లాడుతూనే ఉన్నాడు.

"సత్తెమ్మా, నువ్వేంది గింత దూరం?"

లేచి వచ్చింది వసంత. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి. ఊరికి వచ్చి ఆడవాళ్ళందరి వేలిముద్రలు తీసుకుని ఈ పథకంలో చేర్పించింది ఆమే. ఆ రోజు సత్యవ్వ వేలిముద్ర సరిగా పడలేదు. బీడీలు చుట్టి చుట్టి వేళ్ళ గీతలు అరిగిపోయాయి. వసంతే ఆమె వేలు పట్టుకుని మళ్ళీ మళ్ళీ అద్దించింది. ఆ వేలు పట్టుకున్న గుర్తు సత్యవ్వకు ఇంకా ఉంది.

"నా వయసు అయిపోయింది బిడ్డా. అరువై. ఇగ మీ సర్కారు వయసు మొదలైతదంట గద."

వసంత నవ్వింది. జంపఖానా మీద జాగా చేసి ఇద్దరినీ కూర్చోబెట్టింది. మంచినీళ్ళ ప్యాకెట్లు ఇచ్చింది.

"కంప్యూటర్ లోపల ఉన్నది సత్తెమ్మా, తాళమేసినం. గిప్పుడు నేనేం చూసి చెప్పలేను. మీ సంఘం మొత్తం కట్టి ఉంటె నీకేం ఫికరు లేదు. సమ్మె ఒడవంగనె ఫస్టు నీదే చేస్త."

"కట్టిన బిడ్డా. ఒక్క దినం తప్పలె. జరమొచ్చి పండుకున్నప్పుడు గూడ మా దేవవ్వ ఇంటికచ్చి తీస్కపోయింది. అడుగు కావాల్నంటె."

వసంత దేవవ్వ వైపు చూసింది. అడగాలని కాదు, మర్యాదకు. దేవవ్వ నీళ్ళ ప్యాకెట్టు మూల కొరికింది. నీళ్ళు కొన్ని చీర మీద పడ్డాయి. కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సినదానికంటే ఎక్కువసేపు తుడిచింది.

ఎండలు ముదరకముందు సంగతి అది. ఉద్యమం నడిపేవాళ్ళు సర్కారుకు సహకరించొద్దు అన్నారు. పన్నులు కట్టొద్దు, కరెంటు బిల్లులు కట్టొద్దు, టికెట్లు కొనొద్దు అన్నారు. ఊళ్ళో ప్రభుదాస్ ముందు నిలబడ్డాడు. నిరసనగా రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు, పొయ్యి మీదికి ఎక్కించే ముందు పెద్ద గంజు చుట్టూ అందరినీ నిలబెట్టాడు. ఒక్కొక్కరు గంజు మీద చెయ్యి పెట్టి, తెలంగాణ వచ్చేదాకా సర్కారుకు పైసా కట్టం అన్నారు. ఆడవాళ్ళూ అన్నారు. దేవవ్వ అందరికంటే ముందు అంది. కొడుకు ముందు నిలబడితే తల్లి వెనక నిలబడుతుందా.

సంఘంలో ఏడాది పొడుగునా పోగైన పింఛను రూపాయలు అప్పటికి దేవవ్వ దగ్గరే ఉన్నాయి. కోరుట్ల బ్యాంకులో కట్టాల్సిన పైసలు. సర్కారుకు పోయేవే కదా అనుకుంది. తెల్లారితే ఒట్టు పెట్టేదే కదా అనుకుంది. ఒట్టుకు ముందురోజే సంఘంలో మాట్లాడుకుని, ఆ గంజులో పడ్డ బియ్యం, పప్పు, నూనె అన్నీ ఆ రూపాయలతోనే తెచ్చారు. అది పన్ను కాదు, మన ముసలితనం మనమే దాచుకుంటున్నాం అని ఒక్కరికీ తట్టలేదు. సర్కారు చేతికి పోయేదంతా ఒకటే అనిపించిన రోజులు అవి. మిగతా ఆడవాళ్ళకు ఇంకా వయసుంది. తర్వాత ఎట్లాగో కట్టుకుంటారు. అరవైకి దగ్గర పడింది సత్యవ్వ ఒక్కతే. ఆమె సంఘం కూర్చున్న రోజు ఊళ్ళో లేదు. సిరిసిల్లలో బిడ్డ సుమలత కాన్పు దగ్గర ఉంది.

అడిగి ఉంటే వద్దనేదో, సరే అనేదో. అడగలేదు.

"కోరుట్ల దిక్కు నుంచి మన తమ్ముడు ప్రభుదాస్ అచ్చిండు," అన్నాడు మైకులో గంగాప్రసాద్ సారు. "ఊరు ఊరంతా కదిలిచ్చిన పిలగాడు. రెండు మాటలు చెప్తడు."

ప్రభుదాస్ మెడలో ఎవరో కండువా వేశారు. అతను సిగ్గుపడుతూ మైకు దగ్గరికి పోయాడు. మైకు పట్టుకున్నాక సిగ్గు పోయింది.

"అందరికి జై తెలంగాణ. నాకు మాట్లాడుడు రాదు. ఆటో నడుపుడు అస్తది." జనం నవ్వారు. "మా ఊరు చిన్నది. మా ఊర్ల పెద్ద పెద్ద సార్లు లేరు. బీడీలు చేసేటోళ్ళు, కైకిలి కూలికి పోయేటోళ్ళు. గని మాట మీద నిలబడేటోళ్ళు. సర్కారుకు పైస కట్టం అని గంజు మీద చెయ్యి పెట్టినం. మా ఆడోళ్ళు ఏం చేసిండ్రో తెలుసా. సంఘంల రోజుకో రూపాయి సర్కారుకు కట్టేది ఉండె. అది గూడ బంద్ పెట్టిండ్రు. ఆ రూపాయలన్ని తెచ్చి వంటావార్పు గంజుల పోసిండ్రు. సర్కారుకు పోయే పైసలతోని మేము రోడ్డు మీద బువ్వ తిన్నం."

టెంటు చప్పట్లతో నిండింది. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. సత్యవ్వ కూడా చప్పట్లు కొట్టింది. తమ ఊరి పిల్లవాడు మైకులో మాట్లాడుతున్నాడు, తమ ఊరి ఆడవాళ్ళ పేరు చెప్తున్నాడు. పక్కనున్న ఉద్యోగి భార్యతో, "మా పిలగాడే, మా వాడకట్టు," అని కూడా అంది.

తర్వాత ఆమె చేతులు నెమ్మదించాయి. అందరూ కొడుతూనే ఉన్నారు. ఆమె చేతులు ఒళ్ళో పడ్డాయి.

"దేవవ్వా."

"ఊఁ."

"ఏ రూపాయి అది?"

దేవవ్వ ఖాళీ నీళ్ళ ప్యాకెట్టును మడత పెట్టింది.

"సంఘంల రోజుకో రూపాయి అంటున్నడు. మనం రోజుకు ఒక్క రూపాయే గద కడుతున్నం. పొదుపుది వేరే. అది వారానికి. రోజుకో రూపాయి అంటె ఏదే?"

"గదే అక్కా."

"నాది గూడనా?"

"అందరియి."

"నేనైతె సిరిసిల్లల ఉంటి గద."

"నీయి నా దగ్గర్నే ఉండె. అందరియి ఒక్క సంచిలనే ఉండె. వేరే చేసుడు... వేరే చెయ్యాలని తోచలె అక్కా."

మైకులో ప్రభుదాస్ ఇంకా మాట్లాడుతున్నాడు. మిలియన్ మార్చ్‌కు పోయినప్పుడు పోలీసులు ఎట్లా ఆపారో, పొలాల వెంట ఎట్లా నడిచారో చెప్తున్నాడు. ఆ మాటలు ఈ ఇద్దరికీ అందలేదు. పక్కనే కూర్చున్న వసంతకు మాత్రం ఈ ఇద్దరి మాటలు అందాయి. ఆమె మోకాళ్ళ మీద దగ్గరికి జరిగింది.

"దేవమ్మా, మార్చిల మీరు కట్టలేదా? మొత్తమే కట్టలేదా?"

"లే మేడం."

"మల్ల గిప్పటిదాంక?"

"లే."

వసంత తల పట్టుకుంది. "ఏప్రిల్ల చూసిన నేను. మీ ఊరి పేరు రాలె. ఒక ఫోన్ కొడుదామనుకున్న. రేపు చేద్దం, రేపు చేద్దమని..."

"ఏమైతది బిడ్డా?" అంది సత్యవ్వ. "ఉన్నదున్నట్టు చెప్పు."

"సర్కారు తన రూపాయి ఊకె కలపది సత్తెమ్మా. మీరు కడితెనే కలుపుతది. అరువై నిండేటాల్లకు బాకీ ఉండొద్దు. ఉంటె, నువ్వు ఇదివరకు కట్టింది నీకు వాపసు ఇస్తరు. అంతే. సర్కారు భాగం రాదు. పింఛను రాదు."

"అంటె నా రూపాయలు నాకిచ్చి పొమ్మంటరు."

"అవును."

సత్యవ్వ తల ఆడించింది. అర్థమైంది అన్నట్టు ఆడించింది. ఏడుస్తుందేమోనని వసంత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. సత్యవ్వ ఏడవలేదు. ఎదురుగా తాళం వేసిన ఆఫీసు తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

"నేను సిరిసిల్ల నుంచి అచ్చిన దినమే గద వంటావార్పు," అంది. "బస్సు లేదంటె ఆటోల, ట్రాక్టర్ల పట్టుకోని అచ్చిన. రోడ్డు మీద్నే దిగిన. నువ్వే నాకు ఇస్తార్ల పెట్టినవ్."

"పెట్టిన."

"పప్పుల ఉప్పు ఎక్కువైందన్న."

"అన్నవ్."

"నా పైసలే తినుకుంట ఉప్పెక్కువైందన్న." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అప్పుడన్న చెప్పకపోతివే దేవవ్వా. ఇస్తార్ల పెట్టేటప్పుడన్న చెప్పకపోతివి. తినకపోదును. తినకుంటె ఇయ్యాల గింత బాధ ఉండకపోవు."

దేవవ్వ అప్పటి సంగతి చెప్పింది.

"మనుమని ముచ్చట చెప్పుకుంట అచ్చినవక్కా. మొగపిలగాడు, నల్లగున్నడు, తాత పోలిక అనుకుంట. ఆ దినం చెప్పబుద్ధి కాలె. తెల్లారి చెప్దమనుకున్న. తెల్లారి నువ్వు కార్ఖానకు పోయినవ్. చేసిన బీడీలు సగం కార్ఖానోడు తిరగ్గొట్టిండని మొకం సిన్నగ చేస్కోని అచ్చినవ్. గప్పుడు అసలే చెప్పబుద్ధి కాలె. ఏందో ఒకటి అడ్డం పడుకుంటనే అచ్చింది. అక్కడ్నుంచి గిక్కడిదాంక అచ్చింది."

మాట ఆ రోజే చెప్తే అది మాట. దాచి దాచి చెప్తే అది నేరం. దేవవ్వ ఒక్క పైసా తినలేదు. అయినా తిన్నవాళ్ళు కూర్చున్నట్టే తల వంచుకుని కూర్చుంది.

"ఆటోల గూడ చెప్పకపోతివి," అంది సత్యవ్వ. "కోరుట్ల దాటినంక నేను నీకు చెప్తనే ఉన్న. పింఛనస్తె పొద్దున్నె చాయల రెండు బ్రెడ్లు ముంచుకోని తింట అని. నువ్వు నవ్వినవ్."

"నవ్విన."

"అది మంచిగ లేదే."

ఆ ఒక్క మాటే అంది. తిట్టి ఉంటే దేవవ్వకు కొంత నయంగా ఉండేది.

ప్రభుదాస్ మాట్లాడటం ముగించి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. గంగాప్రసాద్ సారు భుజం తట్టాడు. ఎవరో పేపరు విలేకరి పేరు అడిగి రాసుకున్నాడు. అతను తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఎట్ల మాట్లాడిన అవ్వా? పెద్దమ్మా, ఎట్లున్నది?"

"మంచిగున్నది కొడుకా," అంది సత్యవ్వ. "ఇంటుంటె నాకు చెమట వెట్టింది."

ఆమె మాటలో తేడా అతనికి తెలిసింది. తల్లి వైపు చూశాడు. వసంత వైపు చూశాడు. వసంతే మెల్లగా సంగతి చెప్పింది. చెప్తున్నంతసేపు అతని మెడలోని కండువా అతనికి బరువైనట్టు పదేపదే సర్దుకున్నాడు.

"నేను పన్నులన్న," అన్నాడు చివరికి. "కరెంటు బిల్లులన్న. పింఛను రూపాయి కట్టద్దని నేనెప్పుడన్న అవ్వా?"

"సర్కారుకు పైస అన్నవ్. ఏ పైసనో నువ్వు చెప్పలె, మేము అడగలె."

"నువ్వన్న చెప్పాలె గద. అది లోను వడ్డీ లెక్క ఏదో అనుకున్న నేను."

"ఇప్పుడు మైకుల చెప్పినవ్ గద, సర్కారుకు పోయే పైసలని. ఆ దినం మేము గూడ గట్లనే అనుకున్నం."

వసంత ఒకసారి టెంటు ముందు వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఒక్కటి ఉన్నది. అరువై నిండినా గూడ, ఈ నెలాఖరు లోపట పాత బాకీ కడితె ఇంకా తీసుకుంటరు. కోరుట్ల బ్యాంకు తెరిచే ఉన్నది, అక్కడ కట్టొచ్చు. సత్తెమ్మ ఒక్కదానిది కడ్తమంటె కుదరది. సంఘం అంతా ఒక్కటే ఖాతా. కడితె ఊరందరు కట్టాలె."

ఆ మాట ఏమిటో నలుగురికీ తెలుసు. గంజు మీద పెట్టిన చేతులన్నీ వెనక్కి తియ్యాలి. ఇప్పుడే, ఈ టెంటులోనే, మైకులో చెప్పుకున్న ఒట్టును కోరుట్ల బ్యాంకు కిటికీ దగ్గర వదిలెయ్యాలి.

"కడుతం," అంది దేవవ్వ.

"ఎట్ల కడుతమవ్వా? రేపు పేపర్ల అస్తది నేను చెప్పింది. ఎల్లుండి మన ఊరోళ్ళు లైను కట్టి సర్కారుకు పైసలు కడితె? చుట్టుపక్కల ఊర్లు ఏమంటయ్? మన మొకం మీద ఉమ్ముతరు."

"ఉమ్మనీ. తుడుచుకుంట."

"నీ ఒక్కదాని మొకం కాదు గద."

అతను సత్యవ్వ వైపు తిరిగాడు. మనసులో ఉన్నమాటే అన్నాడు, అబద్ధం కాదు. "పెద్దమ్మా, నీకు నెలనెల నేనిస్త. ఆటో ఉన్నది నాకు. నువ్వు సిరిసిల్ల పోవద్దు, ఏడికి పోవద్దు. నేను చూస్కుంట."

సత్యవ్వ అతని తల మీద చెయ్యి పెట్టింది.

"నీ ఆటోల డీజిలు పోసుకునుడే నీతోని అయితలేదు కొడుకా. ఇచ్చినవనుకో, ఇచ్చినప్పుడల్ల నిన్ను సల్లగుండాలని నేను మొక్కాలె. ఒక నెల ఇయ్యకపోతె, ఇయ్యలేదేమని నువ్వు ఎదురుపడ్డప్పుడు నేను మొకం తిప్పుకోవాలె. నరేశు దగ్గర గూడ గదే గద బాధ. సర్కారుకైతె మొక్కే పనిలేదు. నేను రూపాయి పెట్టిన, అది రూపాయి పెడతది. ఎవ్వరికి ఎవ్వరు బాకీ లేరు."

"తెలంగాణ అస్తె మన సర్కారే అస్తది పెద్దమ్మా. మనోళ్ళే ఇస్తరు, ఇంకా ఎక్కువిస్తరు."

"రానీ కొడుకా. నాకు గూడ కావాలె. రోడ్డు మీద నేను కూసోలేదా? గని నాకు తెలంగాణ కావాలె, పింఛను గూడ కావాలె. ఒక్కటి ఇస్తమంటె ఒక్కటి ఇడిసిపెట్టుమని ఎవ్వరు చెప్పిండ్రు మీకు?"

ఆమె గొంతు పెంచలేదు. కానీ ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు ఉద్యోగినులు తిరిగి చూశారు. ఆ టెంటులో కూర్చున్నవాళ్ళు జీతం వదులుకుని కూర్చున్నారు. వదులుకున్న జీతం ఇంకో నెల వస్తుంది. ఆ తర్వాత పింఛనూ వస్తుంది. ఆ తేడా ఆ క్షణంలో వాళ్ళలో కొందరికైనా తట్టి ఉండాలి. తల తిప్పేసుకున్నారు.

దేవవ్వ లేచింది.

"ఏడికవ్వా?"

దేవవ్వ చీర కుచ్చిళ్ళు సర్దుకుని జనం మధ్య నుంచి మైకు వైపు నడిచింది. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా మైకుకు దూరంగా, వెనక వరుసలో నిలబడే మనిషి. సంఘం మీటింగులో కూర్చునే మాట్లాడుతుంది. గంగాప్రసాద్ సారు ఆమెను చూసి, ఈమె ఇప్పుడు మాట్లాడిన పిల్లవాడి తల్లి అని తెలుసుకుని, సంతోషంగా జరిగి మైకు ఇచ్చాడు.

"వీరమాత మాట్లాడుతది," అన్నాడు. చప్పట్లు పడ్డాయి.

ప్రభుదాస్ లేచి ఆమె వెనకాలే పోయాడు. ఆపడానికో, పక్కన నిలబడడానికో అతనికే తెలియదు. మైకు పెట్టె పక్కన ఆగాడు.

దేవవ్వ మైకును రెండు చేతులతో పట్టుకుంది. దగ్గరగా పెట్టుకునే సరికి కుయ్యిమంది. దూరం జరిపింది.

"నేను దేవవ్వను. గిప్పుడు మాట్లాడిన పిలగాని అవ్వను. వాడు చెప్పింది అబద్ధం కాదు. గంజు మీద చెయ్యి పెట్టినం. అందరికన్న ముందుగాల నేనే పెట్టిన."

మళ్ళీ చప్పట్లు. ఆమె అవి ఆగేదాకా నిలబడింది.

"గని గా గంజుల పోసిన పైసలు సర్కారువి కావు. మాయి. గీడ కూసున్న సత్తెక్క ముసలితనంల బతికేటందుకు పెట్టుకున్న పైసలు. తెల్వక పోసినం. నేను పోసిన. వాడు మాటన్నడు, చెయ్యి నాది. అందుకే చెప్తున్న, మా ఊరు ఈ సోమారం లోపట కోరుట్ల బ్యాంకుకు పోయి—"

మైకులో గొంతు తెగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు.

"కరెంటు పోయింది," అన్నారు వెనక నుంచి. సమ్మెలో కరెంటు పోవడం కొత్త కాదు. జనం పైకి చూశారు, చుట్టూ చూశారు.

మూలన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

దేవవ్వ మైకు దించి పక్కకు చూసింది. ప్రభుదాస్ పెట్టె దగ్గర వంగి ఉన్నాడు. ప్లగ్గుతో సహా తీగ అతని చేతిలో ఉంది. ఎప్పుడు గుంజాడో అతనికే తెలిసినట్టు లేదు. చేతిలో ఉన్నదాన్ని చూసుకుంటున్నాడు. ముఖం పాలిపోయింది. తల్లి కళ్ళలోకి చూడలేక తీగ వైపే చూస్తున్నాడు. గంగాప్రసాద్ సారు ఒకసారి తల్లిని, ఒకసారి కొడుకును చూశాడు.

వెనక నుంచి సత్యవ్వ లేచి వస్తోంది. కూర్చున్నవాళ్ళ భుజాలు పట్టుకుంటూ, నడుం మీద చెయ్యి పెట్టుకుంటూ వస్తోంది. ఎవరూ ఆపలేదు. దారి ఇచ్చారు. ఆమె వచ్చి దేవవ్వ పక్కన ఆగలేదు. దాటి పోయి ప్రభుదాస్ ఎదుట నిలబడి చెయ్యి చాపింది.

"మీ అవ్వ మాట ఇంక ఒడువలె, సగంలనే ఉన్నది," అంది. "ఆ తీగ నువ్వు పెడ్తవా, నన్ను పెట్టమంటవా, కొడుకా?"